జనం తక్కువుండే చోట్లు: వెతకడం, వెళ్లడం, క్షేమంగా తిరిగి రావడం

చూడదగ్గ చోటు ఖాళీగా ఉందంటే దానికో కారణం ఉంటుంది. దారి కష్టమై ఉండొచ్చు. అనుమతి కాగితాలు కావాల్సి ఉండొచ్చు. పక్కనే పెద్ద పేరున్న చోటు ఉండి జనమంతా అక్కడే ఆగిపోతుండొచ్చు. ఏడాదిలో నాలుగు నెలలే దారి తెరుచుకునే ఊరు కావచ్చు. లేదా అక్కడ నిజంగానే ప్రాణాపాయం ఉండొచ్చు. "ఎవరికీ తెలియని పది స్వర్గాలు" తరహా జాబితాలు ఈ కారణం చెప్పవు, ఫొటో చూపించి ఊరుకుంటాయి. వాటిని నమ్ముకుని బయల్దేరినవాళ్లు మూసిన గేటు ముందో, రాని బస్సు కోసమో కూర్చోవాల్సి వస్తుంది.

అందుకని పేరు దొరకగానే, ఇది ఎందుకు ఖాళీగా ఉందో ముందు తేల్చుకోండి. మొదటి నాలుగు కారణాలకూ ఏదో ఒక మూల్యం ఉంది: అదనపు రోజులు, ఓపిక, కాగితాలు, ముందుచూపు. అది చెల్లించగలిగితే వెళ్లొచ్చు. అయిదోదానికి అలాంటి బేరం లేదు.

పెద్ద పేరు నీడలో ఉన్నవి

కొత్తవాళ్లు వీటితో మొదలుపెట్టడం మేలు. రోడ్లు, హోటళ్లు, ఆసుపత్రులు పేరున్న చోటు పుణ్యమా అని అప్పటికే ఉంటాయి. జనం మాత్రం ఉండరు.

టూరు బస్సు లెక్క ఒకసారి వేసి చూడండి. పొద్దున ఎనిమిదింటికి హోటల్లో బయల్దేరి సాయంత్రం ఆరింటికి దింపేయాలి. మధ్యలో భోజనం, దుకాణాల దగ్గర ఆగడం ఉంటాయి. అంటే ఒకవైపు ప్రయాణం రెండు, రెండున్నర గంటలు దాటితే ఆ చోటు వాళ్ల పట్టికలోంచి జారిపోతుంది. మ్యాప్‌లో పెద్ద ఊరి చుట్టూ రెండున్నర నుంచి నాలుగు గంటల దూరంలో ఉన్న వలయాన్ని వెతకండి. మీరు ఒక రాత్రి అక్కడే ఉండగలిగితే ఆ వలయం మీదే.

రెండో పద్ధతి: కట్టింది ఎవరో చూసి, వాళ్లు, వాళ్ల ముందువాళ్లు ఇంకేం కట్టారో వెతకడం. గీజా పెద్ద పిరమిడ్ ఖుఫూది. అతని తండ్రి స్నెఫెరు కట్టించినవి కైరోకు దక్షిణంగా సుమారు 40 కిలోమీటర్ల దూరంలో, దహ్‌షూర్‌లో ఉన్నాయి. ఎర్ర పిరమిడ్ 105 మీటర్ల ఎత్తు. వంగిన పిరమిడ్‌లో సగం ఎత్తు పైకి పోయాక గోడల వాలు 54 డిగ్రీల నుంచి 43 డిగ్రీలకు తగ్గిపోవడం కంటికే తెలుస్తుంది. ఈ ప్రాంతం 1996 దాకా సైనిక ప్రాంతంగా మూసి ఉండేది, అందుకే టూర్ల పట్టికల్లోకి ఆలస్యంగా ఎక్కింది. ఎర్ర పిరమిడ్ లోపలికి వెళ్లొచ్చు. అయితే ద్వారం దాకా మెట్లెక్కి, అక్కడినుంచి సుమారు 60 మీటర్ల సొరంగంలో వంగి నడుస్తూ కిందికి దిగాలి, అదే దారిన వెనక్కి ఎక్కాలి. లోపల గాలి ఆడదు, ఘాటు వాసన ఉంటుంది. మోకాళ్ల నొప్పులు, ఉబ్బసం ఉన్నవాళ్లు బయటినుంచి చూసి సంతృప్తి పడటమే మంచిది.

కంబోడియాలోనూ అంతే. అంగ్‌కోర్ దగ్గర తెల్లవారుజామున కొలను గట్టు మీద కాలు పెట్టే చోటుండదు. సియెమ్ రీప్ నుంచి రోడ్డు మీద సుమారు 120 కిలోమీటర్లు పోతే కోహ్ కెర్. 928 నుంచి 944 వరకు ఖ్మేర్ రాజధాని ఇదే. అడవి మధ్య 36 మీటర్ల మెట్ల పిరమిడ్ ఉంది. 2023లో యునెస్కో జాబితాలో చేరింది కాబట్టి ఈ ప్రశాంతత ఎన్నాళ్లుంటుందో చూడాలి. అంగ్‌కోర్ కంటే పాతదైన సంబోర్ ప్రేయ్ కుక్ కంపోంగ్ థోమ్ పట్టణానికి దగ్గర. అక్కడ రాత్రి బస చేసి ఉదయం ఏడింటికల్లా చేరితే ఇటుక గోపురాల మధ్య పక్షుల అరుపులే వినిపిస్తాయి. రోమన్ శిథిలాలంటే ఇష్టమున్నవాళ్లకి అల్జీరియాలోని తిమ్‌గాద్, జెమీలా ఉన్నాయి. రెండూ 1982 నుంచి ప్రపంచ వారసత్వ స్థలాలే. తిమ్‌గాద్ వీధులు ఇప్పటికీ గళ్ల కాగితం గీసినట్టు కనబడతాయి. అక్కడ జనం తక్కువ కావడానికి కారణం దూరం కన్నా వీసా.

మూడో దారి, పేరున్న చోటులోనే వేళ మార్చడం. వెనిస్‌కు పగటిపూట వచ్చి సాయంత్రానికి వెళ్లిపోయేవాళ్లు ఎంతమందంటే, 2024లో వాళ్ల కోసమే ప్రత్యేకంగా ప్రవేశ రుసుము పెట్టారు. రాత్రి అక్కడే ఉంటే ఉదయం ఎనిమిది లోపు నగరం మీ సొంతం. అదే మడుగులో బురానో ద్వీపం దగ్గర పడవ మారితే తోర్చెల్లో ద్వీపం వస్తుంది. 639లో పునాది పడిన కెథడ్రల్, లోపల మొజాయిక్‌లు, చుట్టూ గడ్డి మైదానం. ఇక ఓడరేవు పట్టణాలకు వెళ్లేటప్పుడు క్రూయిజ్ ఓడల రాకపోకల పట్టిక చూడకుండా తేదీ పెట్టుకోకండి. రేవుల వెబ్‌సైట్లలో నెలల ముందే ఉంటుంది. మూడు ఓడలు వచ్చే రోజుకీ, ఒక్కటీ రాని రోజుకీ అదే వీధిలో పోలిక ఉండదు.

పేర్లు ఎక్కడ దొరుకుతాయి

యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో 1,200కి పైగా స్థలాలున్నాయి, వాటి పేరు ఎలాగూ అందరూ విన్నదే. మనకు కావాల్సింది దాని పక్కనుండే తాత్కాలిక జాబితా. దేశాలు "మున్ముందు వీటిని ప్రతిపాదిస్తాం" అని ఇచ్చిన పేర్లవి. ప్రతిదానికీ ఒకట్రెండు పేజీల వివరణ, చాలాసార్లు అక్షాంశ రేఖాంశాలు కూడా ఉంటాయి. యునెస్కో గ్లోబల్ జియోపార్కుల జాబితా, రామ్‌సర్ చిత్తడి నేలల జాబితా కూడా ఇలాంటి గనులే. రాళ్లు, లోయలు ఇష్టమైనవాళ్లకు మొదటిది, పక్షులు ఇష్టమైనవాళ్లకు రెండోది.

పేరు దొరికాక దాన్ని ఆ దేశపు లిపిలో వెతకండి. జార్జియాలోని ఊరిని ఇంగ్లిష్‌లో వెతికితే ఏజెన్సీల ప్రకటనలొస్తాయి. జార్జియన్ లిపిలో వెతికితే స్థానికులు పెట్టిన రోడ్డు ఫొటోలు, బస్సు వేళలు, నిన్నటి కొండచరియల వార్త వస్తాయి. పేరు కాపీ చేసుకోవడానికి వికీపీడియా పేజీ మొదటి వాక్యం చాలు.

ఇక ఇంట్లో కూర్చునే చేయాల్సిన తనిఖీ ఉంది. గంటన్నర పడుతుంది, దాన్ని ఎగ్గొట్టకండి. మొదట శాటిలైట్ మ్యాప్‌లో ఆ చోటుకు వెళ్లే రోడ్డును చివరిదాకా వేలుతో లాగుతూ చూడండి. తారు ఎక్కడ ఆగి మట్టి మొదలవుతుందో, వంతెన లేకుండా రోడ్డు వాగులోకి ఎక్కడ దిగుతుందో కనబడుతుంది. తర్వాత సమీక్షల్లో నక్షత్రాలు వదిలేసి తేదీలు చూడండి. చివరి ఫొటో మూడేళ్ల కిందటిదైతే అది మూతపడి ఉండొచ్చు. ఫొటోలన్నీ ఒకే కోణంలోంచి ఉంటే ఆ చోటులో చూడ్డానికి ఆ ఒక్క కోణమే ఉందని అర్థం. ఈ చివరి సూత్రం ఎంతో ప్రయాణం ఆదా చేస్తుంది. ఆఖరికి వారంలో మూసే రోజు. సోమవారమో మంగళవారమో ఉంటుంది, చిన్న చోట్ల కాపలాదారు సెలవు రోజే మూసే రోజు.

కాలం సంగతి

"సీజన్ కానప్పుడు వెళ్లండి" అనే సలహా సగమే నిజం. సీజన్ కాకపోవడానికి కారణం ఎండ అయితే తట్టుకోవచ్చు, మూసిన కనుమ అయితే తట్టుకోలేం. జార్జియాలోని తుషెతీకి వెళ్లే ఏకైక రోడ్డు 2,800 మీటర్ల పైనున్న అబానో కనుమ మీదుగా పోతుంది. దాదాపు జూన్ నుంచి అక్టోబర్ మొదటి రోజుల దాకానే తెరిచి ఉంటుంది. ఏ ఏడాది ఏ వారంలో తెరుస్తారనేది మంచును బట్టే. స్పితికి మనాలీ వైపు నుంచి కుంజుమ్ కనుమ దాటి వెళ్లే దారి చలికాలమంతా మూసి ఉంటుంది. కిన్నౌర్ వైపు నుంచి వెళ్లే రెండో దారి చాలావరకు తెరిచే ఉంటుంది. ఒకే దారి ఉన్న చోటా, రెండు దారులున్న చోటా అన్నది ముందే చూసుకోవాలి. ఒకే దారైతే తిరుగు టికెట్ మార్చుకునే వీలున్నది కొనండి.

కనుమ తెరిచారో లేదో కనుక్కోవడానికి ఫోన్లు చేయడమే కాదు, కళ్లతో చూడొచ్చు కూడా. కోపర్నికస్ బ్రౌజర్ అనే ఉచిత వెబ్‌సైట్‌లో సెంటినెల్-2 ఉపగ్రహాల చిత్రాలు దాదాపు ప్రతి అయిదు రోజులకు ఒకటి చొప్పున దొరుకుతాయి. ఒక్కో చుక్క నేల మీద 10 మీటర్లు. కనుమ ఉన్న చోటికి వెళ్లి, మబ్బు శాతం 30 లోపు అని వడపోసి, చివరి మూడు చిత్రాలు వరుసగా చూస్తే మంచు కరుగుతోందా పడుతోందా తేలిపోతుంది. మామూలు రంగుల్లో మబ్బూ మంచూ రెండూ తెల్లగానే ఉండి మోసం చేస్తాయి. షార్ట్‌వేవ్ ఇన్‌ఫ్రారెడ్ చిత్రానికి మారిస్తే మంచు నీలంగానూ మబ్బు తెల్లగానూ విడిపోతుంది. నిరుటి ఇదే వారపు చిత్రం కూడా తీసి పోల్చండి.

వర్షాకాలాన్ని దాటే ఉపాయం వర్షచ్ఛాయ ప్రాంతాలు. నేపాల్ అంతా జూన్ నుంచి సెప్టెంబర్ దాకా తడిసిపోతుంటే, అన్నపూర్ణ, ధవళగిరి పర్వతాల వెనకున్న ఎగువ ముస్తాంగ్‌కు ఆ మేఘాలు చేరవు. లదాఖ్, స్పితి కూడా ఇంతే. ఇక్కడ జరిగే పొరపాటు ఒకటుంది. గమ్యం పొడిగానే ఉంటుంది కానీ అక్కడికి చేరే దారి తడి వైపు నుంచే. ముస్తాంగ్ ముఖద్వారమైన జోమ్‌సోమ్‌కు రోడ్డు మీద వెళ్తే కొండచరియలు, విమానంలో వెళ్తే కాళీగండకీ లోయ గాలులు. మధ్యాహ్నానికి గాలి లేస్తుంది కాబట్టి విమానాలు పొద్దున పూటే ఎగురుతాయి, పొద్దున మబ్బు పడితే ఆ రోజుకి అంతే. రానూ పోనూ చెరో రెండు రోజులు వదిలిపెట్టుకోండి.

వెళ్లే దేశపు సెలవులు చూసుకోవడం చాలామంది మర్చిపోతారు. విదేశీయులకు తెలియని చోటు స్వదేశీయులకు బాగా తెలిసే ఉంటుంది. జపాన్‌లో ఏప్రిల్ ఆఖరు నుంచి మే మొదటి వారం, ఆగస్టు నడిమి రోజులు, చైనాలో అక్టోబర్ మొదటి వారం, ఇటలీలో ఆగస్టు 15 చుట్టూ ఉన్న వారాలు: ఈ రోజుల్లో ఎంత మారుమూలకు పోయినా గది దొరకదు.

ముందు తిరుగు ప్రయాణం

చిన్న చోట్లకు చేరడం కన్నా తిరిగి రావడం కష్టం. ప్లాన్ వేసేటప్పుడు వెనకనుంచి మొదలుపెట్టండి: ఆఖరి రోజు విమానం ఎన్నింటికి, దానికి ముందురోజు పెద్ద ఊళ్లో ఉండాలంటే చిన్న ఊళ్లో ఏ బస్సెక్కాలి, అది రోజూ ఉందా, శుక్ర ఆదివారాల్లోనా?

జార్జియా, కిర్గిజ్‌స్తాన్‌లలో మర్‌ష్రూత్కా అనే మినీబస్సులు, అల్బేనియాలో ఫుర్గోన్‌లు ఒకే తీరులో నడుస్తాయి. ఊరివాళ్లు పొద్దున పట్నానికి వెళ్లి, పని చూసుకుని, మధ్యాహ్నం ఇంటికి రావడానికే అవి ఉన్నాయి. కాబట్టి ఊరినుంచి పట్నానికి వెళ్లేది తెల్లవారుజామున, పట్నంనుంచి ఊరికి వచ్చేది మధ్యాహ్నం. పట్నంలో బస చేసి పొద్దున్నే ఊరికి వెళ్లి సాయంత్రానికి తిరిగొద్దామనుకుంటే రెండువైపులా బండి దొరకదు. ఊళ్లోనే రాత్రి ఉండటం తప్ప మార్గం లేదు. చాలా బళ్లకు వేళంటూ ఉండదు, నిండితే కదులుతాయి. గంట ముందే వెళ్లి కూర్చోండి.

ద్వీపాలదీ చిన్న విమానాలదీ మరో తరహా. ఏజియన్ సముద్రంలో జూలై, ఆగస్టుల్లో ఉత్తరం నుంచి మెల్తెమి గాలి వీస్తుంది. బాగా ముదిరితే ఫెర్రీలను రేవు దాటనివ్వరు. పెద్ద ద్వీపాలకు మర్నాడే ఇంకో ఓడ ఉంటుంది, వారానికి రెండుసార్లే ఓడ వచ్చే చిన్న ద్వీపానికి ఆ మర్నాడు మూడు రోజుల తర్వాత. ఫారో దీవుల్లోని మైకినెస్‌కు వేసవిలోనే పడవ, అదీ అలలు ఎక్కువైతే రద్దు. గయానాలో 226 మీటర్లు ఒకే దూకుగా పడే కైయెట్యూర్ జలపాతానికి జార్జ్‌టౌన్ నుంచి చిన్న విమానాలు వెళ్తాయి. సరిపడా ప్రయాణికులు పోగవకపోతే అది కదలదు. వెళ్లగానే మొదటి రోజుకే బుక్ చేసుకుంటే రద్దయినా ఇంకో అవకాశం మిగులుతుంది, ఆఖరి రోజుకు పెట్టుకుంటే మిగలదు. వాతావరణం మీద ఆధారపడిన ప్రతి దశకూ ఒక ఖాళీ రోజు, వారానికి రెండుసార్లే ఉన్న రవాణాకు ఆ రెండింటి మధ్య విరామమంత ఖాళీ. ఇది మినహాయింపు లేని లెక్క.

(ఈ లెక్కకు హద్దేమిటో చూడాలంటే దక్షిణ అట్లాంటిక్‌లోని త్రిస్తాన్ ద కూన్యా ఉంది. విమానాశ్రయం లేదు. కేప్‌టౌన్ నుంచి దాదాపు 2,800 కిలోమీటర్లు, ఓడలో వారం. ద్వీప మండలి ఆమోదం ముందే తీసుకోవాలి. దిగాల్సిన రోజు సముద్రం బాగోకపోతే దిగకుండానే ఎదురుగా ఆగి ఉండాలి.)

ఫోన్ మ్యాప్ చెప్పే ప్రయాణ సమయం మట్టి కొండరోడ్ల మీద పనికిరాదు. గంటకు 20 నుంచి 25 కిలోమీటర్లు అని మీరే లెక్క వేసుకోండి. 80 కిలోమీటర్లంటే నాలుగు గంటలు. అద్దె కారైతే ఒప్పందంలో "మట్టి రోడ్డు" అనే మాట ఎక్కడుందో వెతికి చదవండి. ఐస్‌లాండ్‌లో ఎఫ్ అక్షరంతో మొదలయ్యే కొండరోడ్ల మీదకు నాలుగు చక్రాల డ్రైవ్ లేని బండిని తీసుకెళ్లకూడదు. అవి వేసవిలో కొన్ని నెలలే తెరుస్తారు. వాగు దాటుతూ ఇంజిన్‌లోకి నీళ్లు పోతే ఆ నష్టానికి సాధారణంగా ఏ బీమా వర్తించదు, ఇంజిన్ ఖరీదంతా మీ మీదే పడుతుంది.

నడకకు ఓ పాత సూత్రముంది, 1892లో నైస్మిత్ చెప్పినది: ప్రతి 5 కిలోమీటర్లకు ఒక గంట, ఎక్కే ప్రతి 600 మీటర్లకు మరో గంట. పెరూలోని చొకెకిరావుకు దీన్ని వేసి చూద్దాం. మాచుపిచ్చుకి సాటివచ్చే ఇన్కా నగరం అది, కానీ రోడ్డు లేదు, రైలు లేదు. కచోరా ఊళ్లో నడక మొదలుపెడితే అపురిమాక్ నది దాకా సుమారు 1,400 మీటర్లు దిగి, అవతల దాదాపు 1,500 మీటర్లు ఎక్కాలి. ఒకవైపు దూరం 30 కిలోమీటర్ల చిల్లర. సూత్రం ప్రకారం ఎనిమిదిన్నర గంటలు. వాస్తవంలో అందరూ రెండు రోజులు తీసుకుంటారు. సూత్రం బరువు లేని, అలసిపోని మనిషికి రాసింది. ఇక్కడ నది లోతట్టున ఎండ మండిపోతుంది, వీపున బరువు, నిటారు దిగుడుకు మోకాళ్లు పట్టేస్తాయి. అందుకని నైస్మిత్ గంటలకు సగం కలుపుకుని, అది ఏడు దాటితే రెండు రోజులుగా విడగొట్టుకోండి. ఎండ వాలును మధ్యాహ్నం ఎక్కకుండా బస ఎక్కడ చేయాలో దాన్నిబట్టి కుదురుతుంది.

పర్మిట్లు

వీసా ఉంటే దేశంలో ఎక్కడికైనా వెళ్లొచ్చనుకోవడం పొరపాటు. తజికిస్తాన్‌లో పామీర్ ప్రాంతానికి వీసాతో సంబంధం లేకుండా గోర్నో-బదఖ్‌షాన్ పర్మిట్ కావాలి. ఎగువ ముస్తాంగ్‌కు నమోదైన ట్రెకింగ్ ఏజెన్సీ ద్వారానే నిషిద్ధ ప్రాంత పర్మిట్ వస్తుంది. అరుణాచల్, నాగాలాండ్, మిజోరం, మణిపూర్‌లకు బయటి రాష్ట్రాలవాళ్లకు ఇన్నర్ లైన్ పర్మిట్ ఉండాలి. ఆస్ట్రేలియాలోని లార్డ్ హావ్ ద్వీపంలో ఒకేసారి 400 మంది సందర్శకులకే చోటు, కాబట్టి అక్కడ పర్మిట్ పాత్రను గది బుకింగే పోషిస్తుంది.

పర్మిట్‌లో అడిగే జిల్లాల, మార్గాల పేర్లన్నీ రాయండి, వెళ్లని చోట్లు కూడా. తర్వాత చేర్చడం కష్టం, ఎక్కువున్నందుకు ఎవరూ ఏమీ అనరు. పేరు స్పెల్లింగ్ పాస్‌పోర్టుతో అక్షరం అక్షరం సరిపోవాలి. చెక్‌పోస్టుల్లో ఒక్కోచోట ఒక్కో ప్రతి ఉంచుకుంటారు కాబట్టి పాస్‌పోర్టు, వీసా, పర్మిట్ నకళ్లు ఎనిమిది, పది పట్టుకెళ్లండి. ఫోన్‌లో ఉంది కదా అంటే కుదరదు. పాస్‌పోర్టుకు ప్రయాణం ముగిసే తేదీ నుంచి ఆరు నెలల గడువు, రెండు ఖాళీ పేజీలు ఉన్నాయో లేదో కూడా ఇప్పుడే చూడండి.

వస్తువులకు కూడా అనుమతులున్నాయి. శాటిలైట్ ఫోన్లు, ఇన్‌రీచ్ లాంటి శాటిలైట్ సందేశ పరికరాలు లైసెన్సు లేకుండా భారత్‌లోకి తేవడం నేరం, విమానాశ్రయాల్లో పట్టుబడి అరెస్టయినవాళ్లున్నారు. మొరాకో, ఈజిప్టు డ్రోన్లను రానివ్వవు.

ఎత్తు, నీళ్లు, కుక్కకాటు

ఖాళీ చోట్లలో చాలాభాగం ఎత్తున ఉంటాయి. 3,000 మీటర్లు దాటాక పడుకునే ఎత్తు రోజుకు 500 మీటర్ల కన్నా పెరగకూడదు, మూడు నాలుగు రోజులకోసారి అదే ఎత్తులో ఒక రోజు ఆగాలి. పగలు ఎంత ఎక్కారన్నదాని కన్నా రాత్రి ఎక్కడ పడుకున్నారన్నదే ముఖ్యం. పామీర్ హైవేలో దిక్కు ఎందుకు ముఖ్యమో ఇందువల్లే తెలుస్తుంది. కిర్గిజ్‌స్తాన్‌లోని ఓష్ సుమారు 1,000 మీటర్లు. అక్కడినుంచి బయల్దేరితే ఒకట్రెండు రోజుల్లోనే 3,900 మీటర్ల కారాకుల్ దగ్గర పడుకోవాల్సి వస్తుంది. తజికిస్తాన్ రాజధాని దుషాంబే వైపు నుంచి మొదలుపెడితే ఖోరోగ్ 2,000 మీటర్ల చిల్లర, లంగర్ దగ్గర మూడువేలకు కాస్త తక్కువ, ఆ తర్వాతే పీఠభూమి. 4,655 మీటర్ల అక్-బైతాల్ కనుమ ఆఖర్లో వస్తుంది. అదే రోడ్డు, దిక్కు మారితే శరీరానికి అలవాటు పడే సమయం దొరుకుతుంది. తలనొప్పి, వాంతి మొదలైతే పైకి పోవద్దు. తగ్గకపోయినా, నడక తూలినా, రాత్రి అయినా సరే కిందికి దిగాలి.

నీళ్లు బుడగలు పొంగేలా ఒక నిమిషం మరిగిస్తే చాలు, 2,000 మీటర్ల పైన మూడు నిమిషాలు, అక్కడ నీళ్లు తక్కువ వేడికే మరుగుతాయి కాబట్టి. చేతి ఫిల్టర్లు బాక్టీరియాను ఆపుతాయి గానీ వాటిలో చాలావరకు వైరస్‌లను ఆపవు.

కుక్క కరిస్తే వెంటనే 15 నిమిషాలు సబ్బు, ధారగా పారే నీళ్లతో గాయం కడగాలి. రేబిస్ టీకాలు ముందే వేయించుకోవడం మారుమూల ప్రయాణాలకు ఎందుకు చెబుతారంటే, కరిచాక కావాల్సిన ఇమ్యునోగ్లోబ్యులిన్ (వెంటనే రక్షణనిచ్చే యాంటీబాడీల ఇంజెక్షన్) చిన్న ఊళ్లలో దొరకదు. ముందే టీకాలు వేయించుకున్నవాళ్లకు దాని అవసరం ఉండదు, కరిచాక వేసే టీకా డోసులు మాత్రం తప్పవు. యెల్లో ఫీవర్ టీకా పత్రం టీకా వేసిన 10 రోజుల తర్వాతే చెల్లుతుంది, బయల్దేరే వారంలో గుర్తొస్తే ఆలస్యమైనట్టే.

వెళ్లకూడని ఖాళీ

సూడాన్‌లోని మెరోయెలో 200కి పైగా పిరమిడ్లున్నాయి. అందం గురించి, ఏకాంతం గురించి ఎన్ని ఫొటోలైనా చూడొచ్చు. 2023 ఏప్రిల్‌లో మొదలైన యుద్ధం వల్ల అది వెళ్లే చోటు కాదు. పాత జాబితాల్లో మాత్రం ఇంకా మెరుస్తూనే ఉంది. ప్రతి పేరునూ కనీసం రెండు దేశాల ప్రభుత్వాల ప్రయాణ హెచ్చరికలతో సరిచూడండి. దేశం మొత్తానికి ఉన్న రంగు కాకుండా, ఏ జిల్లా, సరిహద్దు నుంచి ఎన్ని కిలోమీటర్లు అని వివరంగా రాసిన భాగం చదవండి. సొంత ప్రభుత్వం వెళ్లొద్దన్న ప్రాంతానికి వెళ్తే చాలా బీమా పాలసీలు చెల్లవు. అదే పాలసీలో ఎత్తు పరిమితి ఎంత, హెలికాప్టర్‌తో తరలింపు ఉందా అని కూడా చూసుకోండి.

పాత యుద్ధాలు నేలలో మిగిలే ఉంటాయి. లావోస్‌లోని జాడీల మైదానం 2019లో వారసత్వ స్థలమైంది. 1964 నుంచి 1973 వరకు పడిన బాంబుల్లో పేలనివి చుట్టుపక్కల ఇంకా ఉన్నాయి. దారి పొడవునా నేలలో చిన్న గుర్తులు పాతి ఉంటాయి: తెలుపు వైపు శుభ్రం చేసిన నేల, ఎరుపు వైపు కాదు. ఫొటో కోసమని ఒక్క అడుగు కూడా అటు వేయకండి. కంబోడియా మారుమూల గుళ్ల దగ్గరా కాలిబాట వదిలి మూత్రానికి పొదల్లోకి పోవడం ప్రమాదమే.

సంచిలో, ఫోన్‌లో

ఆఖరి ఏటీఎం ఏ ఊళ్లో ఉందో మ్యాప్‌లో గుర్తు పెట్టుకుని, దానికి ముందున్న ఊళ్లోనే డబ్బు తీయండి. డబ్బు అయిపోయేదీ, విదేశీ కార్డు తీసుకోనిదీ ఎక్కువగా ఆ ఆఖరిదే. చిన్న నోట్లు తీసుకోండి, పెద్ద నోటుకు పల్లెలో చిల్లర ఉండదు.

ఆర్గానిక్ మ్యాప్స్, ఆస్‌మాండ్ రెండూ ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ సమాచారంతో సిగ్నల్ లేకుండా పనిచేస్తాయి, కాలిబాటలు చూపుతాయి. గూగుల్ మ్యాప్ దించుకున్నా నడక దారి మాత్రం నెట్ లేకుండా చెప్పదు. దించుకున్నాక ఫోన్‌ను ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి ఇంట్లోనే ఒకసారి పరీక్షించండి. దించానని అనుకుని వెళ్లి, సగం మ్యాపే వచ్చిందని కొండమీద తెలిసేవాళ్లే ఎక్కువ. స్థానిక సిమ్ కొనేటప్పుడు రాజధానిలో వేగం ఎవరిదని కాకుండా, మీరు వెళ్లే ఊరిలో టవర్ ఎవరిదని అడగండి. చాలా ఈ-సిమ్‌లు ఒకే నెట్‌వర్క్‌ను పట్టుకుంటాయి, అది అక్కడ ఉండకపోవచ్చు.

గది విషయంలో, బుకింగ్ సైట్లలో ఏమీ కనబడకపోతే బస లేదనుకోకండి. చిన్న ఊళ్లలో ఇంటి గదులు నోటిమాట మీదే నడుస్తాయి. ముందు బస చేసిన ఇంటివాళ్లను అడిగితే తర్వాతి ఊరికి వాళ్లే ఫోన్ చేసి పెడతారు. చీకటి పడకముందు, అంటే నాలుగింటికల్లా చేరేలా చూసుకోండి, గది లేకపోతే వెనక్కి పోవడానికి వెలుతురు మిగలాలి.

బయల్దేరే ముందు ఇంట్లో ఒకరికి ఒక్క కాగితం ఇవ్వండి. అందులో ఉండాల్సినవి:
- రోజువారీ మార్గం, రాత్రి బస చేసే ఊర్లు
- పాస్‌పోర్టు, బీమా నంబర్లు, బీమా వాళ్ల అత్యవసర ఫోన్
- "ఫలానా తేదీ, ఫలానా గంట దాటినా కబురు రాకపోతే ఫలానావాళ్లకు ఫోన్ చేయండి" అనే వాక్యం

మూడోది లేకపోతే మొదటి రెండూ ఉన్నా ఎప్పుడు కంగారుపడాలో వాళ్లకు తెలియదు.

మరుగుదొడ్డి లేని చోట మలవిసర్జనకు నీటికి కనీసం 60 మీటర్ల దూరంలో, 15 నుంచి 20 సెంటీమీటర్ల లోతు గుంట తవ్వి పూడ్చాలి. కాగితం సంచిలో వెనక్కి తేవాలి.

తిరిగొచ్చాక ఫొటోలు పెట్టడం మీ ఇష్టం, వాటిలో దాగి ఉండే లొకేషన్‌ను మాత్రం తీసేసి పెట్టండి. ఐస్‌లాండ్‌లో ఫ్యాద్రార్‌గ్ల్యూఫుర్ అనే లోయ ఒక పాట వీడియోలో కనబడ్డాక, నాచు మీద నడిచేవాళ్ల తాకిడి తట్టుకోలేక 2019లో దాన్ని కొంతకాలం మూసేశారు. థాయ్‌లాండ్‌లో మాయా బే 2018 జూన్ నుంచి 2022 జనవరి దాకా మూతపడింది. బస్సు వేళ మారిందనో, వంతెన కొట్టుకుపోయిందనో, గేటు మంగళవారం తీయరనో మీకు తెలిసిన సంగతులను ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ఆ చోట నోటుగా రాసి, మీరు వెళ్లిన తేదీ వేయండి.